హొరేస్ పార్లన్: ఎడమచేతి మాట, కుడిచేతి తాళం

1940ల నడుమ నుంచి అమెరికాలో జాజ్ పియానో చాలావరకు కుడిచేతి విద్యగా మారింది. న్యూయార్క్‌లో బడ్ పవెల్ దిద్దిన ఒరవడిలో కుడిచేతి అయిదు వేళ్లూ శాక్సఫోన్‌తో పోటీపడే వేగంతో స్వరాల బారులు తీస్తాయి. ఎడమచెయ్యి మధ్యమధ్య రెండు మూడు స్వరాలు కలిపి నొక్కి వాటికి ఊతమిస్తుంది. బీబాప్ అని పేరుపడ్డ ఆ పద్ధతే త్వరలో కొత్త పియానిస్టులను తూచే తక్కెడ అయింది. ఆ తక్కెడ చెల్లుబాటులో ఉన్న రోజుల్లోనే, కుడిచేతి వేళ్లు సరిగా ఆడని ఒక యువకుడు న్యూయార్క్ వచ్చి, ఆనాటి జాజ్ నాయకుల్లో అతి కఠినుడని పేరున్న మనిషి బృందంలో పియానో ముందు కూర్చున్నాడు. ఆ యువకుడు హొరేస్ పార్లన్. ఆ నాయకుడు చార్లెస్ మింగస్.

పార్లన్ గురించి రాసేవారు సాధారణంగా ఆయన వైకల్యాన్ని జయించాడని రాసి ముగిస్తారు. గౌరవంతో అన్న మాటే అయినా, దానితో చరిత్ర తేలదు. ఆయన చెయ్యి చివరిదాకా అలాగే ఉంది. ఆ చేతితోనే, ఆ చేతికి తగినట్టే ఆయన వాయించాడు. ఆ చెయ్యి ఆయన ముందు ఒక సమస్యను పెట్టింది. పరిష్కారాలు మాత్రం ఆయన పెరిగిన ఊరి నుంచి, బ్లూస్ నుంచి, చర్చి పాట నుంచి, కూడా వాయించినవారి నుంచి వచ్చాయి. ఆ రెంటినీ కలిపి చూసినప్పుడే ఆయన సంగీతం అర్థమవుతుంది.

పోలియో నాటి పిట్స్‌బర్గ్

పార్లన్ 1931 జనవరి 19న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని పిట్స్‌బర్గ్‌లో పుట్టాడు. ఉక్కు కర్మాగారాల ఊరు అది. దక్షిణాది నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన నల్లజాతి కుటుంబాలు హిల్ డిస్ట్రిక్ట్ వంటి పేటల్లో స్థిరపడ్డాయి. బాల్యంలోనే ఆయనకు పోలియో సోకింది. ప్రాణం దక్కింది గానీ కుడిచెయ్యి పాక్షికంగా చచ్చుబడింది.

పోలియో అంటే తెలుగువారికి వివరించి చెప్పనక్కరలేదు. ఒక తరం కిందటి దాకా మన ఊళ్లలోనూ ఆ జబ్బు పిల్లల కాళ్లూ చేతులూ తీసుకుపోయింది. మన దేశంలో ఆఖరి కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో బయటపడింది. 2014 మార్చిలో గానీ భారత్‌కు పోలియో రహిత దేశమన్న ధ్రువీకరణ రాలేదు. ఆ వైరస్ వెన్నుపాములో కండరాలను కదిలించే నరకణాలను చంపుతుంది, స్పర్శజ్ఞానాన్ని మాత్రం ముట్టుకోదు. పియానో వాయించే మనిషి విషయంలో ఇది గుర్తుంచుకోవలసిన సంగతి. వేలికి మెట్టు తగిలిన సంగతి తెలుస్తుంది, ఎంత ఒత్తిడి పడిందో తెలుస్తుంది. కానీ కావలసిన క్షణాన, కావలసిన వేగంతో ఆ వేలు లేవదు.

1930ల అమెరికాలో నల్లజాతి పిల్లవాడికి పోలియో రావడమంటే మరో కష్టం కూడా తోడైనట్టే. అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ స్వయంగా ఆ జబ్బుతో కాళ్లు చచ్చుబడినవాడు. ఆయన జార్జియాలోని వార్మ్ స్ప్రింగ్స్‌లో నెలకొల్పిన ప్రసిద్ధ చికిత్సా కేంద్రంలో తెల్లవారికే ప్రవేశం ఉండేది. నల్లవారికి పోలియో అంతగా సోకదన్న అపోహ వైద్యుల్లోనే బలంగా ఉండేది. నల్లజాతి రోగుల కోసం అలబామాలోని టస్కీగీలో ఒక పోలియో కేంద్రం తెరుచుకునేసరికి 1941 వచ్చింది. పైగా ఆ రోజుల్లో, జబ్బుపడ్డ అవయవాన్ని కదలకుండా కట్లు కట్టి ఉంచడమే చాలాచోట్ల వైద్యం. వేడి కాపడాలతో, వ్యాయామంతో కండరాలను మేల్కొల్పాలని వాదించిన ఆస్ట్రేలియా నర్సు ఎలిజబెత్ కెన్నీ అమెరికాలో అడుగుపెట్టింది 1940లో.

పార్లన్ ఇంట్లో చేతికి వ్యాయామం పియానో రూపంలో వచ్చింది. ఆయనకు నేర్పినవారు కుడిచేతి నుంచి రాని పనిని రాబట్టాలని పట్టుబట్టకుండా, ఎడమచేతికి ఎక్కువ బాధ్యత అప్పగించే దారి చూపారు. ఆ నిర్ణయం మీదే తర్వాతి కథంతా నడిచింది.

పోలియోకు విరుగుడు పుట్టింది కూడా పిట్స్‌బర్గ్‌లోనే. జోనాస్ సాక్ 1947లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో చేరి, అక్కడి ప్రయోగశాలలో తన టీకాను తయారుచేశాడు. 1952లో అమెరికాలో దాదాపు 58 వేల మందికి పోలియో సోకింది. ఆ ఏడాదే ఆయన తొలి పరీక్షలు మొదలుపెట్టాడు. టీకా పనిచేస్తుందని 1955 ఏప్రిల్ 12న లోకానికి ప్రకటించారు. అప్పటికి పార్లన్‌కు 24 ఏళ్లు. వాషింగ్టన్ క్లబ్బుల్లో వృత్తి కళాకారుడిగా పియానో వాయిస్తున్నాడు.

రెండు చేతుల మధ్య పంపకం

చెయ్యి దెబ్బతిన్న సంగీతకారుల కథలు పార్లన్‌కు ముందూ ఉన్నాయి. మొదటి ప్రపంచయుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్న వియన్నా పియానిస్టు పాల్ విట్‌గెన్‌స్టైన్, ఎడమచేతికి మాత్రమే సరిపడే రచనలు చేయమని పెద్దపెద్ద స్వరకర్తలను కోరాడు. అలా మోరిస్ రావెల్ రాసిన కాన్చెర్టో 1932 జనవరి 5న వియన్నాలో తొలిసారి వినిపించింది. గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్‌కు 1928లో అగ్నిప్రమాదంలో ఎడమచేతి రెండు వేళ్లు పనికిరాకుండా పోయాయి. మిగిలిన వేళ్లతో ఆయన కొత్త పద్ధతి సాధించి, 1934 నాటికి పారిస్‌లో తన ప్రసిద్ధ తంత్రీవాద్య బృందాన్ని నిలబెట్టాడు.

ఈ రెండు ఉదాహరణల మధ్య ఉన్న తేడా పార్లన్ విషయంలో ముఖ్యం. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో రచన ముందే కాగితం మీద ఉంటుంది, దానికి చెయ్యి సరిపోవాలి. సరిపోనప్పుడు విట్‌గెన్‌స్టైన్ లాగా కొత్త రచన రాయించుకోవాలి. జాజ్‌లో వాయించేదాంట్లో అధికభాగం మనోధర్మం. రాగ స్వరూపానికి కట్టుబడి గాయకుడు కల్పన చేసినట్టు, జాజ్ కళాకారుడు పాట చట్రానికి కట్టుబడి అప్పటికప్పుడు అల్లుతాడు. కనుక చేతికి తగిన మాటను చెయ్యే ఎంచుకోవచ్చు. పార్లన్‌కు దొరికిన స్వేచ్ఛ ఇదే. కానీ ఏ రాత్రికారాత్రి, ఏ వేగంలో ఏ పాట అడిగినా తడుముకోకుండా అందుకోవలసిన బరువు కూడా అందులోనే ఉంది.

ఆయన చేసిన పంపకం ఇది. ఎడమచెయ్యి మంద్రస్థాయిలో తన మామూలు చోటు వదిలి పియానో నడుమకు జరుగుతుంది. పాటకు ఆధారమైన కార్డ్స్, అంటే ఒకేసారి మోగే స్వరాల కూర్పులను, అది దగ్గరదగ్గరి స్వరాలతో చిక్కగా, కొంచెం ఘాటుగా పలికిస్తుంది. అవసరమైనచోట రాగభాగాన్ని కూడా తనే అందుకుంటుంది. కుడిచెయ్యి ఆడగలిగిన వేళ్లతో పొట్టి స్వరపదాలను, రెండేసి స్వరాల పోట్లను తాళం సందుల్లో కొడుతుంది. పవెల్ పద్ధతిలో కుడిచెయ్యి మాట్లాడుతుంటే ఎడమచెయ్యి ఊకొడుతుంది. పార్లన్ దగ్గర చాలాసార్లు ఎడమచెయ్యి మాట్లాడుతుంటే కుడిచెయ్యి తాళం వేస్తుంది. రెండు చేతులూ ఒకదాని అంచు మీద ఒకటి పనిచేయడంతో ఏ స్వరం ఏ చేతిదో వినేవారికి తేలిగ్గా పట్టుబడదు.

ఇదంతా చేతి వల్లే వచ్చిందనడం మాత్రం తొందరపాటు. పిట్స్‌బర్గ్ పియానిస్టుల ఊరు. ఎర్ల్ హైన్స్ ఆ ఊరి పక్కనున్న డ్యూకేన్‌లో పుట్టాడు. మేరీ లూ విలియమ్స్, బిల్లీ స్ట్రేహార్న్ అక్కడే పెరిగారు. ఎరల్ గార్నర్ ఎడమచేతితో గిటారు మీటినట్టు తాళం నడిపేవాడు. పార్లన్ కన్నా ఆరున్నర నెలలు పెద్దవాడైన అహ్మద్ జమాల్ స్వరాల మధ్య ఖాళీని కూడా సంగీతంలో భాగం చేశాడు. ఒక చిన్న పల్లవిని తిప్పితిప్పి దాని మీదే ఉత్కంఠ పెంచే విద్య ఆయనది. పునరావృత్తి, ఖాళీ, ఎడమచేతి లయ అనే మూడూ పార్లన్‌కు ముందే ఆ ఊరి గాలిలో ఉన్నాయి. చెయ్యి ఆయనను వాటివైపు నెట్టి ఉండవచ్చు. కానీ అవి అక్కడ ఉండబట్టే ఆయనకు అందాయి.

మింగస్ గదిలో

1952 నుంచి 1957 దాకా పార్లన్ ఎక్కువగా వాషింగ్టన్‌లో పనిచేశాడు. మెరుపువేగానికి పేరుపడ్డ శాక్సఫోన్ విద్వాంసుడు సానీ స్టిట్‌కు పక్కవాద్యం వాయించడం ఆ ఏళ్లలో ఆయనకు దొరికిన శిక్షణ. 1957లో న్యూయార్క్ చేరి మింగస్ నడిపే జాజ్ వర్క్‌షాప్‌లో అడుగుపెట్టాడు.

మింగస్ బేస్ వాద్యకారుడు, స్వరకర్త. తప్పు చేస్తే వేదిక మీదే పాట ఆపి వాద్యకారుణ్ని నిలదీసేవాడని పేరు. ఆ రోజుల్లో ఆయన తన రచనలను కాగితం మీద ఇవ్వకుండా, పియానో మీద వాయించి, పాడి వినిపించి నేర్పేవాడు. కాగితంలోని ప్రతి స్వరాన్ని ఉన్నదున్నట్టు వేళ్లతో అప్పజెప్పాలన్న నియమం అక్కడ లేదు. విన్నదాని సారం పట్టుకుని తన గొంతుతో తిరిగి చెప్పాలి. పార్లన్‌కు ఇంతకన్నా తగిన బడి దొరికేది కాదేమో. పైగా మింగస్‌కు అప్పుడు కావలసింది నాజూకు పియానో కాదు. నల్లజాతి చర్చి ప్రార్థనల ఊపూ, బ్లూస్ పచ్చిదనమూ ఆయనకు కావాలి.

1959 ఫిబ్రవరి 4న రికార్డు చేసిన మింగస్ ఆల్బమ్ ‘బ్లూస్ అండ్ రూట్స్’లో ఒక్క పాట తప్ప అన్నిటిలో పియానో పార్లన్‌దే. మే నెలలో కొలంబియా కంపెనీ కోసం ‘మింగస్ ఆ ఉమ్’ తయారైంది. దానిలో మొదటి పాట ‘బెటర్ గిట్ ఇట్ ఇన్ యువర్ సోల్’ ఆరు మాత్రల నడకలో, మనవారు తిశ్రగతి అనుకునే ఊపులో సాగుతుంది. మింగస్ అరుపులు, చప్పట్లు, శాక్సఫోన్ల కేకల నడుమ పియానో తలదూర్చి ప్రతాపం చూపదు. చర్చిలో పాదిరి మాటకు సభ అందుకునే జవాబులా, పొట్టిగా, గట్టిగా, సరిగ్గా పడవలసిన చోట పడుతుంది. అదే రికార్డులో ‘గుడ్‌బై పోర్క్ పై హ్యాట్’ ఆ ఏడాది మార్చిలో చనిపోయిన శాక్సఫోన్ విద్వాంసుడు లెస్టర్ యంగ్‌కు నివాళి. మెల్లగా సాగే ఆ పాటలో పియానో శాక్సఫోన్ కింద పలచగా పరుచుకుంటుంది, ఎక్కడా అడ్డు రాదు. ఆర్కెన్సాలో నల్లజాతి పిల్లలను బడిలోకి రానివ్వని గవర్నర్ ఆర్వల్ ఫాబస్‌ను ఎండగట్టే ‘ఫేబుల్స్ ఆఫ్ ఫాబస్’ కూడా ఇందులోనిదే. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరచదగ్గ జాతీయ రికార్డుల జాబితాలోకి ఈ ఆల్బమ్‌ను 2003లో తీసుకుంది.

ముగ్గురి బృందం

మింగస్‌ను విడిచాక పార్లన్ హార్లెమ్‌లోని మింటన్స్ ప్లేహౌస్‌లో కుదురుకున్నాడు. బీబాప్ పురుడుపోసుకున్న చోట్లలో అది ఒకటి. బేస్ మీద జార్జ్ టకర్, డ్రమ్స్ మీద ఆల్ హేర్‌వుడ్. రాత్రుల తరబడి కలిసి వాయించడంతో ముగ్గురికీ ఒకరి ఊపిరి ఒకరికి తెలిసింది. బ్లూ నోట్ కంపెనీ అధిపతి ఆల్ఫ్రెడ్ లయన్ 1960 నుంచి 1963 వరకు పార్లన్ నాయకత్వంలో ఏడు ఆల్బమ్‌లు రికార్డు చేయించాడు. వాటిలో 1960 ఏప్రిల్ 20 నాటి ‘అస్ త్రీ’ ఈ ముగ్గురిదే.

ఆ ఆల్బమ్ పేరే ఉన్న మొదటి పాటలో, బేస్, డ్రమ్స్ పరిచిన వడి నడక మీద పార్లన్ ఒక చిన్న స్వరపదాన్ని పట్టుకుంటాడు. వేగంగా పోయే పాటలో పియానిస్టులు సాధారణంగా స్వరాల వాన కురిపిస్తారు. పార్లన్ ఆ దారి పట్టడు. పట్టుకున్న పదాన్నే మళ్లీ అంటాడు, ఈసారి తాళంలో కొంచెం ముందుకు జరిపి. మళ్లీ అంటాడు, కొంచెం వెనక్కి లాగి. ఎడమచెయ్యి కింద నుంచి కార్డ్స్‌ను మార్చుతూ ఉంటే పదం మారకుండానే దాని రంగు మారుతుంది. డ్రమ్స్ దానికి జవాబిస్తాయి, బేస్ తాడు లాగి పట్టుకుంటుంది. ముగ్గురిలో ఎవరు నడిపిస్తున్నారో చెప్పడం కష్టం. అదే ఆల్బమ్‌లో ఆయన సొంత రచన ‘వేడిన్’ బ్లూస్. అక్కడ పార్లన్ తొందరపడకుండా ఒక్కో మాటను నాననిచ్చి పలుకుతాడు. స్వరానికీ స్వరానికీ మధ్య వదిలిన చోటు ఆయన చేతకానితనం కాదనీ, ఆ చోటులో బేస్ మోగాలని కోరి వదిలాడనీ అక్కడ స్పష్టంగా వినిపిస్తుంది.

ఆ రోజుల్లో ఇతరుల రికార్డుల్లో ఆయనకు వచ్చిన గిరాకీ చూస్తే తోటివారి తీర్పు తెలుస్తుంది. శాక్సఫోన్ విద్వాంసుడు డెక్స్టర్ గోర్డన్ 1961లో ‘డూయిన్ ఆల్‌రైట్’ చేసినప్పుడు ఈ ముగ్గురినే పిలిపించుకున్నాడు. పిట్స్‌బర్గ్‌కే చెందిన స్టాన్లీ టరెంటైన్ అదే ఏడాది మింటన్స్‌లో ప్రత్యక్షంగా రికార్డు చేసినప్పుడూ వీరే వాయించారు. శాక్సఫోన్ విద్వాంసుడికి వెనక తనను మించిపోవాలని చూసే పియానో అక్కరలేదు. తాళం జారకుండా, కార్డ్ తప్పకుండా, తాను ఊపిరి తీసుకునే చోట నెట్టి ముందుకు పంపే పియానో కావాలి. పార్లన్‌ను ఎవరూ జాలితో పిలవలేదు.

1963 నుంచి మూడేళ్లు ఆయన రోలండ్ కర్క్ బృందంలో ఉన్నాడు. కర్క్ పసితనంలోనే చూపు కోల్పోయినవాడు. మూడు వాద్యాలను ఒకేసారి నోట పెట్టుకుని ఊదగలిగిన విద్వాంసుడు. 1975లో పక్షవాతంతో ఒక చెయ్యి పడిపోతే, వాద్యాన్ని ఒంటిచేతికి తగినట్టు మార్పించుకుని 1977లో చనిపోయేదాకా వాయించాడు. ఒకరికి చూపు లేదు, ఒకరికి కుడిచెయ్యి సగమే. 1964లో వారు కలిసి చేసిన ‘ఐ టాక్ విత్ ది స్పిరిట్స్’లో వేణువు, పియానో మాట్లాడుకునే తీరులో లోటు జాడ ఎక్కడా కనబడదు.

కోపెన్‌హాగన్

1960ల చివరికి అమెరికాలో జాజ్‌కు గిరాకీ పడిపోయింది. రాక్ సంగీతం రికార్డు కంపెనీల ధ్యాసనూ యువత డబ్బునూ లాక్కుంది. క్లబ్బులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. అప్పటికే పలువురు నల్లజాతి కళాకారులు యూరప్‌కు తరలిపోయారు. డెక్స్టర్ గోర్డన్, బెన్ వెబ్‌స్టర్, కెన్నీ డ్రూ కోపెన్‌హాగన్‌ను స్థావరం చేసుకున్నారు. 1973లో పార్లన్ కూడా ఆ ఊరు చేరాడు. ఏడాది ముందే అక్కడ నిల్స్ వింథర్ మొదలుపెట్టిన స్టీపుల్‌చేజ్ కంపెనీ ఆయన రికార్డులు తీసుకురావడం ప్రారంభించింది. వాటిలో మొదటిదానికి ‘అరైవల్’ అని పేరు పెట్టారు.

1977 ఏప్రిల్‌లో శాక్సఫోన్ వాద్యకారుడు ఆర్చీ షెప్‌తో కలిసి చేసిన ‘గోయిన్ హోమ్’ ఆయన జీవితంలో శిఖరం. షెప్ 1960లలో తిరుగుబాటు సంగీతానికి గొంతుక. జాన్ కోల్ట్రేన్ ఆల్బమ్ ‘అసెన్షన్’లో వాయించినవాడు. అలాంటి మనిషి డ్రమ్స్ లేకుండా, బేస్ లేకుండా, ఒక్క పియానో తోడుగా బానిసత్వ కాలం నాటి భక్తిగీతాలను చేపట్టడం శ్రోతలను ఆశ్చర్యపరిచింది. ‘గో డౌన్ మోజెస్’, ‘డీప్ రివర్’, ‘స్వింగ్ లో, స్వీట్ చారియట్’ వంటి గీతాలవి. ఆల్బమ్‌కు పేరిచ్చిన పాట బాణీ మాత్రం చెక్ స్వరకర్త డ్వోరాక్ 1893లో అమెరికాలో ఉండగా రాసిన సింఫనీలోది. దానికి తర్వాత మాటలు చేర్చారు. అది నల్లజాతి చర్చికి అచ్చంగా సొంతమైపోయింది.

డ్రమ్స్, బేస్ లేనప్పుడు ఆ పనులన్నీ పియానో మీదే పడతాయి. చిన్నప్పటి నుంచి ఎడమచేతికి మోతబరువు అలవాటు చేసిన మనిషికి అది తెలిసిన పనే. మంద్రంలో అది గంట మోగినట్టు నిలబడి షెప్ గొంతుకు నేల అవుతుంది. షెప్ కేక పెట్టినప్పుడు పార్లన్ కేకతో జవాబివ్వడు, ప్రార్థన గీతంలోని కార్డ్స్‌ను ఉన్నవున్నట్టు, సమయం ఇచ్చి పలికిస్తాడు. ఈ గీతాల్లో అలంకారం ఎంత తగ్గితే అర్థం అంత పైకి వస్తుంది. అనవసరమైన స్వరం వేయకపోవడం పార్లన్‌కు చిన్ననాటి నుంచి నేర్చిన పద్ధతి. 1980లో ఇద్దరూ కలిసి బ్లూస్ పాటలతో ‘ట్రబుల్ ఇన్ మైండ్’ చేశారు.

పార్లన్ తర్వాత డెన్మార్క్ దేశపు దక్షిణ జీలండ్‌లోని రూడ అనే చిన్న పల్లెలో స్థిరపడ్డాడు. 2000లో ఆయనకు బెన్ వెబ్‌స్టర్ పురస్కారం అందింది. అంతకు కొన్నేళ్ల ముందే, 1990లలో బ్లూ నోట్ పాత రికార్డుల ముక్కలతో హిప్‌హాప్ అల్లిన ఒక లండన్ బృందం ఆయన ‘అస్ త్రీ’ ఆల్బమ్ పేరునే తన పేరుగా పెట్టుకుంది. 2017 ఫిబ్రవరి 23న, 86 ఏళ్ల వయసులో, డెన్మార్క్‌లోనే ఆయన కన్నుమూశాడు.

ఒక చేతి నుంచి నేర్వవలసింది

‘మింగస్ ఆ ఉమ్’ను 1959 నుంచి నేటి దాకా ఎందరో విన్నారు. ఆ పియానో వెనక ఎలాంటి చెయ్యి ఉందో వారిలో చాలామందికి తెలియదు. తెలియకపోయినా సంగీతం తగ్గలేదు. తెలిశాక మళ్లీ వింటే మాత్రం ఒక విషయం మరింత బాగా కనిపిస్తుంది. ఈ మనిషి తనకు లేనిదాన్ని దాచిపెట్టే శైలి కట్టుకోలేదు. పవెల్ లాగా వాయించడానికి ప్రయత్నించి సగంలో ఆగిపోయిన వాయింపు కాదది. రెండు చేతులు ఏం చేయాలన్న ప్రశ్నకు తనదైన, పూర్తి జవాబు అది. లయ, బ్లూస్, ఖాళీ అనే మూడింటి మీద నిలిచిన జాజ్ పియానో సంప్రదాయంలో పార్లన్ జమాల్ పక్కన, గార్నర్ పక్కన నిలుస్తాడు. అక్కడ ఆయనకు చోటివ్వడానికి వైకల్యం కారణం చూపనక్కరలేదు. అయితే ఆ చోటుకు ఆయన ఏ దారిన వచ్చాడో చెప్పేటప్పుడు ఆ చేతిని వదిలేయడమూ కుదరదు.

వాద్యం నేర్పేచోట చేతి అమరిక, వేళ్ల వరస అనే నియమాలు తప్పవు. అవి తరతరాల అనుభవం. కానీ ఆ నియమాలను కట్టింది అన్ని వేళ్లూ ఆడే చేతుల కోసం. అలాంటి చెయ్యి లేని పిల్లవాడు గుమ్మంలో నిలబడితే, నీకు ఇది రాదని పంపేయడం ఏ గురువుకైనా సులువు. పిట్స్‌బర్గ్‌లో ఆ పిల్లవాణ్ని పంపేయలేదు. ఆ చెయ్యి ఏం చేయగలదో ముందు చూసి, పద్ధతిని దానికి తగినట్టు తిప్పి నేర్పారు. 1959లో మింగస్‌కు ఆ పియానో దొరికింది, 1977లో షెప్‌కు ఆ తోడు దొరికింది. ఆ ఉపాధ్యాయుల నిర్ణయాన్ని జాజ్ చరిత్రలోని పెద్ద సంఘటనల వరసలో రాయడం న్యాయం.